ఎండ ఎటు వైపు

ఇరవై రెండేళ్లుగా అడుగుతూనే ఉన్నారు
మెట్టు మీద ఒక కాలు, కింద ఒక కాలు పెట్టి:
"డ్రైవరు గారూ, ఎండ ఎటు పడదు?"
పొద్దుటి ట్రిప్పయితే కుడి పక్క కూర్చోమంటాను,
సాయంత్రం గుంటూరు పోయేవాళ్లకి ఎడమ.
తిరుగు ప్రయాణంలో అంతా తిరగేసుకోవాలి.
వారధి దిగాక ఎప్పుడు ఒళ్లోకొస్తుందో,
మంగళగిరి కొండ చాటున ఎన్ని క్షణాలు దాక్కుంటుందో
నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

కాజ టోల్‌గేటు ఇవతల
ఆకుపచ్చ పరదా కింద ఓ నర్సరీ.
నాన్‌స్టాప్ బస్సు, ఎన్నడూ ఆగింది లేదు.
ఎంత ఉతికినా చొక్కాకి డీజిలు వాసన పోక
ఒక వీక్లీ ఆఫ్ రోజు స్కూటరేసుకుని పోయాను.
"వాసనొచ్చే మొక్కలు కావాలి. చావనివి."
కొత్తిమీర, దవనం, మరువం, రుద్రజడ,
అదిగో ఆ నిమ్మగడ్డి కూడా...
హోటల్లో టిఫిన్లు చెప్పినట్టు చెప్పుకుపోయాను.

నాగుల్ మీరా ఒక్క కుండీ ఎత్తలేదు.
గొట్టం కట్టేసి, చేతులు లుంగీకి తుడుచుకుని
"మీ వరండాలో ఎండ ఎటు పడుద్ది సార్?
ఎన్ని గంటలుంటది?" అన్నాడు.

నోరు పెగల్లేదు.

చీకటితో డ్యూటీకి పోయి చీకటితో వచ్చేవాణ్ణి,
కృష్ణలంకలో నా ఇంటి ఎండని నేనెప్పుడు చూశాను?

"చూసి రండి. తొందరేం లేదు.
మొదటిసారి కదా, రెండు చాలు.
మూడోది ఏం పెట్టాలో బతికిన ఆ రెండే చెప్తయ్.
కొత్తిమీర ఇప్పుడొద్దు,
రోహిణిలో మొలిచినా ఆకెయ్యకముందే పూతకొచ్చి పారిపోద్ది.
దవనానికి మన బెజవాడంటే అలక."

తర్వాతి ఆఫ్‌కి
డిపో నుంచి జేబులో వేసుకొచ్చిన సుద్దముక్కతో
వరండా గచ్చు మీద కూర్చున్నాను.
ఏడింటికి గడప దగ్గర ఒక గీత.
ఎనిమిదికి ఖాళీ గ్యాసు బండ.
తొమ్మిదిన్నరకి మూడో పలక, పగులున్నది.
పదకొండు కొట్టేసరికి
పక్కింటివాళ్ల నీళ్ల ట్యాంకు మొత్తం మింగేసింది.
లెక్క తేలిందని లేచి నిలబడితే
వాకిట్లో రాహేలు నవ్వుతోంది:
"నన్నడిగితే చెప్పేదాన్నిగా.
పదహారేళ్లుగా ఆ పదకొండులోపేగా
నీ ఖాకీ బట్టలు ఆరేది."

వాము మొక్క ఒకటి ఇచ్చాడు, ముప్ఫై రూపాయలు.
"నీళ్లు మర్చిపోయినా తిట్టదు" అన్నాడు.
పుదీనా అడిగితే అమ్మనన్నాడు.
"పచ్చడికి గిల్లాక కాడలు పారేస్తారుగా,
అయ్యే గుచ్చండి."

గుచ్చాను.
పూటకో చెంబు పోశాను, రాత్రి పన్నెండింటికి కూడా.
వారానికి నల్లబడి కుళ్లాయి.
రెండోసారి రాహేలు గుచ్చింది,
నన్ను చెంబు ముట్టుకోనివ్వలేదు.
ట్యాంకు నీడ తొందరగా వచ్చే మూల పెట్టింది వాటిని,
వాముని మూడో పలక మీద.

ఇప్పుడు పుదీనా కుండీ అంచు దాటి
కిందికి తొంగి చూస్తోంది.
కొత్తిమీర కుండీ మాత్రం ఖాళీగానే ఉంది,
వానలు వెళ్లి చలి తగిలేదాకా
అందులో బట్టల క్లిప్పులు.

సాయంత్రం నాలుగింటి ట్రిప్పు.
చొక్కా జేబులో నలిగిన వామాకు.
ముందు సీట్లో పెద్దావిడ అటూ ఇటూ చూసి
"ఎవరో బజ్జీలు తెచ్చుకున్నారు" అంటోంది.
టోల్‌గేటు ముందు, పరదా కనపడగానే
ఆగను గానీ, చిన్నగా ఒక హారన్.
కుడి మోచేతి మీద చుర్రుమని కాలుతోంది.
మూడో పలకని వదిలి
ఐదు గంటలైంది ఇది,
ఇప్పుడు నా దగ్గరికి వచ్చింది.